చిత్రతురగం, చేతిరాత ఫాంటు

శుభలేఖల మీద, బేకరీ బోర్డుల మీద, పిల్లల పుస్తకాల అట్టల మీద, పుట్టినరోజు ఫ్లెక్సీల మీద చేత్తో రాసినట్టు కనిపించే అక్షరాలు ఈనాడు ఎక్కడ చూసినా ఉన్నాయి. అవి కొంచెం పక్కకు వాలి ఉంటాయి, ఒకటి గీతకు పైన నిలిస్తే మరొకటి కిందికి జారుతుంది, తలకట్టు విసిరినట్టుగా, దీర్ఘం తీరిగ్గా లాగినట్టుగా ఉండి, చనువున్న మనిషి ఎవరో కూర్చుని రాసిపెట్టారన్న భావం కలిగిస్తాయి. కానీ ఆ బోర్డు కోసం గానీ ఆ శుభలేఖ కోసం గానీ వాటిని ఎవరూ రాయలేదు. డీటీపీ చేసేవారు కీబోర్డు మీద మాటలు కొట్టి, జాబితాలోంచి ఒక ఫాంటును ఎంచుకుంటే అవి వచ్చాయి. ఫాంటు అంటే ఒక లిపిలోని అక్షరాలకు, గుణింతాలకు, ఒత్తులకు, అంకెలకు, విరామ చిహ్నాలకు ఒకే పోలికతో ముందుగా గీసి కంప్యూటరులో నిలవ చేసిన రూపాల సముదాయం. వాటిలో కొన్ని పాఠం కోసం, అంటే చిన్న పరిమాణంలో పేజీల తరబడి చదువుకోవడం కోసం ఉద్దేశించినవి. మరికొన్ని డిస్‌ప్లే ఫాంట్లు, అంటే శీర్షికకో బోర్డుకో పెద్దగా పెట్టి, చదవకముందే చూపును పట్టుకోవడానికి ఉద్దేశించినవి. చేతిరాత ఫాంట్లు చాలావరకు ఈ రెండో తరగతికి చెందుతాయి, వాటిని ఎంచుకునేవారు కోరేది చదువరికి స్నేహభావం కలిగించడం. ఇక్కడ ఒక తాత్త్విక ప్రశ్న తలెత్తుతుంది. ఏ చేయీ రాయనిదాన్ని చేయి రాసినట్టు చూపడం అసత్యమవుతుందా? ఆ స్నేహం ఎవరిది? ప్రశ్న చిన్నదిగా కనిపించినా, భారతీయ ప్రమాణశాస్త్రమూ కావ్యశాస్త్రమూ దాదాపు ఇదే చిక్కును వేరే వస్తువుల విషయంలో శతాబ్దాల పాటు చర్చించాయి. మతాచారాలైతే ఆచరణలోనే సమాధానాలు చెప్పుకున్నాయి, ఆ సమాధానాలు ఒకదానితో ఒకటి పొసగవు.

తేడా ఎక్కడుందో తెలియాలంటే ఒక మాటను దగ్గరగా చూడాలి. ‘కలకల’ అన్న మాటను చేత్తో రాసినప్పుడు అందులోని రెండు ‘క’లు ఒకేలా ఉండవు. మొదటి ‘క’ దగ్గర కలం అప్పుడే కాగితాన్ని తాకింది కనుక గీత కాస్త బరువుగా పడుతుంది. రెండో ‘క’ దగ్గరికి వచ్చేసరికి చేతికి ఒక ఊపు అలవడి ఉంటుంది కనుక గుండ్రం పూర్తిగా మూసుకోకముందే కలం ముందుకు సాగిపోతుంది. చివరి ‘ల’ తర్వాత మరో అక్షరం లేదని చేతికి తెలుసు కనుక దాని కొస కొంచెం స్వేచ్ఛగా పోతుంది, పంక్తి చివర చోటు చాలదనిపిస్తే అదే అక్షరం ముడుచుకుంటుంది. ఈ తేడాలను రాసేవారు కావాలని చేయరు; చేయి, కలం, కాగితం, ఆనాటి మనఃస్థితి కలిసిన ఒక సంఘటన తనంత తాను వదిలిపెట్టిన జాడలవి. అదే మాటను చేతిరాత ఫాంటులో కొడితే రెండు ‘క’లూ అచ్చంగా ఒకటే. మొదటి ‘క’ తలకట్టు చివర ఒక చిన్న వణుకు ఉంటే రెండోదాని మీదా సరిగ్గా అంతే వణుకు, సరిగ్గా అదే చోట ఉంటుంది. పక్క వీధిలోని మరో బోర్డు మీదా, మరుసటి ఏడు మరొకరి శుభలేఖ మీదా అదే వణుకు. అనుకోకుండా జరిగినది నియమం తప్పకుండా తిరిగి వస్తూంటే అందులోని యాదృచ్ఛికత పోయి దాని ఆకారం మాత్రమే మిగులుతుంది.

న్యాయశాస్త్ర పరిభాషలో చేతిరాత ఒక లింగం, అంటే కంటికి కనిపించని దాన్ని నిశ్చయించుకోవడానికి ఆధారమయ్యే గుర్తు. కొండ మీద పొగను చూసి అక్కడ నిప్పు ఉందని తెలుసుకోవడం నైయాయికులు తరచూ చెప్పే ఉదాహరణ. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న విడదీయరాని సంబంధాన్ని వారు వ్యాప్తి అంటారు. చేతిరాతకూ చేతికీ మధ్య అలాంటి వ్యాప్తే ఉండేది: రాత ఉంటే రాసిన చేయి ఉండి తీరాలి, అది ఆ కాగితం మీద కొంతసేపైనా మసలి ఉండాలి. కవరు మీది దస్తూరీ చూడగానే పంపినవారెవరో తెలిసిపోవడం, సంతకానికి న్యాయస్థానంలో విలువ ఉండడం ఈ వ్యాప్తి మీద ఆధారపడ్డవే. చేతిరాత ఫాంటు ఈ సంబంధాన్ని తెంచింది. దూరాన లేచిన ఆవిరిని పొగ అనుకుని అక్కడ నిప్పుందని తీర్మానించడాన్ని నైయాయికులు తప్పు అనుమానంగా లెక్కగడతారు. అక్కడ హేతువులా కనిపించేది ఉంది గాని హేతువు లేదు, కనుక దాన్ని హేత్వాభాసం అంటారు. ఫాంటులోని వణుకును చూసి ఒక చేతిని ఊహించడం ఈ కోవలోకే వస్తుందని, కాబట్టి ఆ ఫాంటు మోసమని తేల్చేయడం సులభం. ఆ తీర్పు తొందరపాటు, అందుకు రెండు కారణాలున్నాయి.

మొదటిది, చేతిరాత పూర్తిగా సొంతమన్న నమ్మకం అంత గట్టిది కాదు. బాసర జ్ఞానసరస్వతి ఆలయంలో గానీ ఇంట్లో గానీ అక్షరాభ్యాసం జరిగేటప్పుడు బిడ్డ వేలిని పెద్దలు పట్టుకుని పళ్ళెంలోని బియ్యం మీద దిద్దిస్తారు. మనిషి జీవితంలో మొదటి అక్షరమే ఇంకొకరి చేతి ఊపుతో పడుతుంది. ఆ తర్వాత పలక మీద రాసిచ్చిన అక్షరాన్నే పదే పదే దిద్దడం, కాపీ పుస్తకంలో పై పంక్తిని చూస్తూ కింది పంక్తులు నింపడం, తరగతిలో దస్తూరీ బాగున్నవారిని చూసి ‘శ’ మెలికను మార్చుకోవడం జరుగుతాయి. తాళపత్రాల లేఖకుల విషయంలో ఈ అనుకరణ మరింత స్పష్టం. ప్రతి ముగిశాక వారు రాసిపెట్టే సంప్రదాయ శ్లోకాల్లో ఒకదాని సారం, చూసిన పుస్తకంలో ఎలా ఉందో అలాగే రాశానని, తప్పులుంటే ఆ దోషం తనది కాదని చెప్పడం. చేయి తనదే అయినా రాత తనది కాదని లేఖకుడే ఒప్పుకున్నాడన్నమాట. బౌద్ధ తార్కికులైన దిఙ్నాగుడు, ధర్మకీర్తి చేసిన విభాగం ఇక్కడ పనికివస్తుంది. వారి మతంలో స్వలక్షణం అంటే ఒక్కచోట, ఒక్క క్షణంలో మాత్రమే ఉండే విశిష్ట వస్తువు. సామాన్యలక్షణం అంటే అనేక వస్తువుల మీద మనసు ఆరోపించే ఉమ్మడి రూపం. చేతిరాతలో ఈ రెండూ కలిసే ఉన్నాయి, దిద్దించిన రూపం సామాన్యం, ఆ పూట చేయి కదిలిన తీరు స్వలక్షణం. ఫాంటు తీసివేసింది రెండోదాన్నే. విచిత్రమేమిటంటే, తీసివేసినదాని పోలికనే అది అలంకారంగా మళ్ళీ ధరించింది.

ఈ వేషధారణ కంప్యూటరుతో మొదలైంది కాదు. 1501లో వెనిస్ నగరంలో ఆల్డస్ మనూషియస్ ముద్రించిన వర్జిల్ కావ్యాలకు ఫ్రాన్సెస్కో గ్రిఫ్ఫో చెక్కిన వాలు అక్షరాలు ఆనాటి విద్వాంసుల గొలుసుకట్టు రాతను అనుకరించినవే. ఈనాడు ఇటాలిక్ అక్షరాలను చూసి చేతిరాతను తలుచుకునేవారు లేరు. అనుకరణ బాగా పాతబడితే అదే ఒక స్వతంత్రమైన ఆచారమై కూర్చుంటుంది. 1557లో లియాన్‌లో రాబర్ట్ గ్రాన్‌జాన్ ఫ్రెంచి దస్తూరీని సీసపు అచ్చుల్లోకి తెచ్చాడు, పిల్లలకు మర్యాదలు నేర్పే పుస్తకాల్లో ఆ అక్షరాలు వాడుకలోకి వచ్చాయి. అయితే చనువును అమ్మకపు సరుకుగా చేసిన చేతిరాత అచ్చులు పెరిగింది ఇరవయ్యో శతాబ్దంలో, ప్రకటనల వ్యాపారంతో పాటు. వాటిలో మిస్త్రాల్ ప్రత్యేకంగా పరిశీలించదగినది. మార్సెయ్‌లోని ఫోండెరీ ఒలీవ్ అనే అక్షరాల పోత సంస్థ కోసం రోజే ఎక్స్‌కోఫన్ తన సొంత రాత ఆధారంగా దాన్ని రూపొందించగా 1953లో వెలువడింది. సీసపు దిమ్మెలతో గొలుసుకట్టు రాతను సాధించడంలో ఉన్న చిక్కు ఇది: ప్రతి అక్షరమూ ఒక విడి దిమ్మె, దేని పక్కన ఏది వచ్చి కూర్చుంటుందో ముందుగా తెలియదు, అయినా ఒకదాని చివరి గీత తర్వాతి దాని మొదటి గీతతో అతుకు కనబడకుండా కలవాలి. అందుకోసం ప్రతి అక్షరంలోకి గీత వచ్చే చోటూ అందులోంచి బయటికి పోయే చోటూ ఇరుగుపొరుగు అక్షరాలన్నిటికీ సరిపడేలా కట్టుదిట్టం చేయాలి. చూపులకు అతి నిర్లక్ష్యంగా గిలికినట్టున్న ఆ రాత వెనుక ఉన్నది నిర్లక్ష్యానికి పూర్తిగా ఎదురైన శ్రమ. స్నేహంగా కనిపించడానికి పడే కష్టం స్నేహితులు ఎన్నడూ పడరు.

1994లో మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తున్న విన్సెంట్ కానరే, తెర మీద ఒక బొమ్మ కుక్క మాటలు టైమ్స్ న్యూ రోమన్ అనే గంభీరమైన పుస్తకపు అక్షరాల్లో రావడం చూసి, కామిక్ పుస్తకాల్లో మాటల బుడగలకు వాడే చేతిరాతను అనుసరించి కామిక్ శాన్స్ గీశాడు. కుక్క మాట్లాడడానికి పుట్టిన ఆ అక్షరాలు విండోస్‌తో పాటు ఇళ్ళకూ ఆఫీసులకూ చేరి, నోటీసు బోర్డుల మీదికీ హెచ్చరికల మీదికీ ఎక్కి, అచ్చుకళ తెలిసినవారి చేత తిట్లు తిన్నాయి. 2012 జులై 4న సెర్న్ పరిశోధన కేంద్రంలో హిగ్స్ బోసాన్ జాడ గురించి ఫాబియోలా జనొట్టి వివరించినప్పుడు ఆమె చూపిన స్లైడ్లు కామిక్ శాన్స్‌లో ఉండడం లోకానికి నవ్వు తెప్పించింది. ఆ నవ్వులో రెండు వేర్వేరు దోషాలు కలగాపులగమయ్యాయి. ఔచిత్యమే కావ్యానికి ప్రాణమన్న 11వ శతాబ్దపు క్షేమేంద్రుడి కొలతతో చూస్తే అక్కడ అనౌచిత్యం ఉండవచ్చు, అంటే ఒకటి తన చోటు తప్పి కూర్చోవడం. అసత్యం మాత్రం లేదు, ఎందుకంటే కణం ఉందన్న సాక్ష్యం ఏ అక్షరాల్లో చూపినా అదే సాక్ష్యం. చేతిరాత ఫాంట్ల మీద లోకంలో వినిపించే ఫిర్యాదుల్లో చాలావాటికి అనౌచిత్యమే విషయం, సత్యాసత్యాల జోలికి పోయేవి తక్కువ.

పోయిన యాదృచ్ఛికతను తిరిగి తేవడానికీ ప్రయత్నాలు జరిగాయి. నెదర్లాండ్స్‌కు చెందిన యూస్ట్ వాన్ రోసమ్, ఎరిక్ వాన్ బ్లాక్‌లండ్ 1990ల్లో చేసిన కాస్మిక్ అనే ఫాంటులో ఒక్కో అక్షరానికి ఒకటికి మించిన రూపాలు ఉండి, వరుసగా మారుతూ వస్తాయి. ఇప్పటి ఓపెన్‌టైప్ ఫాంట్లలో చుట్టుపక్కల అక్షరాలను బట్టి రూపం మారే సదుపాయం మామూలైంది. తెలుగులో ఈ భారం కొన్ని రెట్లు పెరుగుతుంది, ఎందుకంటే ఒక్కో హల్లుకు గుణింతమంతా, ఆ పైన ఒత్తులూ గీయవలసి ఉండగా, ఒక్కోదానికి మూడు నాలుగు రూపాలంటే పని అంత మేరా పెరిగిపోతుంది. తాత్త్వికంగా దీనివల్ల మారేది తక్కువ. మూడు రూపాలు వంతులవారీగా రావడం కూడా నియమమే. ‘కలకల’లో రెండు ‘క’లు వేర్వేరుగా కనిపించినా ఆ భేదానికి కారణం చేతి అలసట గానీ ఊపు గానీ కాదు, ముందే రాసిపెట్టిన పట్టిక.

ఇన్ని వేషాలు మార్చినా అక్షరానికి కలిగే లోటేమీ లేదన్నది గమనించాలి. వాక్యపదీయకారుడు భర్తృహరి శబ్దం విషయంలో ధ్వనిని రెండు విధాలుగా చెప్పాడు: ప్రాకృతధ్వని వల్ల శబ్దం ఏదో తెలుస్తుంది, హ్రస్వదీర్ఘాల వంటి తేడాలు దాని వల్ల ఏర్పడతాయి, వైకృతధ్వని వల్ల ఆ శబ్దాన్నే వేగంగానో నిదానంగానో పలికిన తేడా వస్తుంది, ఆ తేడా శబ్దస్వరూపాన్ని తాకదు. ఆయన మాట్లాడింది చెవికి వినిపించే శబ్దం గురించే అయినా, ఆ విభాగాన్ని కంటికి కనిపించే అక్షరానికి వర్తింపజేయడం అన్యాయం కాదు. ‘క’ను ‘ప’ నుంచి వేరుచేసే గీతల అమరిక మొదటి పొర. అదే ‘క’ను తీరిగ్గా, తొందరగా, ముద్దుగా, కోపంగా గీసిన తేడా రెండో పొర. చేతిరాత ఫాంటు ఆడుకునేది పూర్తిగా ఈ రెండో పొరలో. అమెరికన్ తత్త్వవేత్త నెల్సన్ గుడ్‌మన్ 1968లో మరో దారిన ఇలాంటి విభాగమే చేశాడు: చిత్రపటం వంటి కళలో మూలప్రతి ఒక్కటే, నకలు ఎంత బాగున్నా నకలే, పద్యం వంటి కళలో అక్షరక్రమం సరిగా ఉన్న ప్రతి ప్రతీ మూలమే. మొల్ల పద్యం ఏ ఫాంటులో ఉన్నా మొల్ల పద్యమే, కానీ మొల్ల స్వహస్తంతో రాసిన తాటాకు దొరికితే అది ఒక్కటే అవుతుంది. చేతిరాత ఫాంటు మొదటి జాతి వస్తువును రెండో జాతిలోకి మారుస్తుంది. దానివల్ల పద్యానికి హాని లేదు. హాని అంటూ ఉంటే అది రాసిన మనిషికీ చదివే మనిషికీ మధ్య ఉన్న సంబంధానికే.

ఇక రెండో కారణం. చూసేవాడు నిజంగా మోసపోతున్నాడా లేదా అన్నది తేలకుండా మోసమని తీర్పు చెప్పడం కుదరదు. 9వ శతాబ్దపు కాశ్మీరంలో శ్రీశంకుకుడు నాటకం విషయంలో ఇదే ప్రశ్న వేసుకున్నాడు. అతని గ్రంథం దొరకలేదు గానీ, భరతుని నాట్యశాస్త్రానికి అభినవగుప్తుడు రాసిన అభినవభారతి వ్యాఖ్యలో అతని వాదం నిలిచి ఉంది. రంగం మీది నటుణ్ణి చూసి ప్రేక్షకుడు ‘ఇతడు రాముడు’ అనుకుంటాడు. ఆ జ్ఞానం ఏ తరగతికి చెందుతుంది? అది సమ్యక్ జ్ఞానం, అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు తెలుసుకోవడం కాలేదు, అతడు రాముడు కాడు కనుక. మిథ్యాజ్ఞానమూ కాలేదు, ఎందుకంటే తాడును పామనుకున్న భ్రమ నిజం తెలియగానే తొలగిపోతుంది, ఇక్కడ నటుడని ముందే తెలిసినా అనుభవం తొలగదు. రాముడా కాడా అన్న ఊగిసలాట లేదు కనుక సంశయం కాదు. ‘రాముడిలా ఉన్నాడు’ అని పోల్చుకుంటూ ఎవరూ నాటకం చూడరు కనుక సాదృశ్యజ్ఞానమూ కాదు. ఈ నాలుగింటికీ భిన్నమైన ఈ తరహా జ్ఞానానికి శంకుకుడు చూపిన ఉదాహరణ చిత్రతురగం. గోడ మీద గీసిన గుర్రాన్ని చూసి ఎవరైనా గుర్రం అనే అంటారు. అలా అన్నందుకు వారిని తప్పుపట్టేవారు లేరు, ఆ గుర్రానికి గుగ్గిళ్ళు పెట్టబోయేవారూ లేరు.

బేకరీ బోర్డును చూసే మనిషి స్థితి ఇదే. ఎవరో తన కోసం కుంచె పట్టి రాశారని అతడు నమ్మడు, నమ్మి మోసపోడు, సందేహంతో దగ్గరికి వెళ్ళి పరీక్షించడు. చేతిరాతలోని చనువును చనువుగానే తీసుకుని లోపలికి వెళ్ళి దిల్‌పసంద్ కొనుక్కుంటాడు. కాబట్టి అక్కడ హేత్వాభాసం అన్న ఆరోపణ నిలవదు, అనుమానమే జరగలేదు కనుక.

శంకుకుడి వాదాన్ని అభినవగుప్తుని గురువు భట్టతౌతుడు గట్టిగా ఖండించాడు, ఆ ఖండన ఫాంట్ల విషయంలో మరింత ఆసక్తికరం. అనుకరణ అని గుర్తించాలంటే అనుకరించబడినది ముందు తెలిసి ఉండాలి కదా, రాముణ్ణి ఎవరు చూశారు, ఏ ప్రమాణంతో ఇది రాముడి అనుకరణ అంటారు అన్నది ఆ ఖండనలో ఒక ముఖ్యాంశం. సింధూరం మొదలైన రంగులు ఆవును వెల్లడించవని, ఆవు అవయవాల అమరికను పోలిన ఒక అమరికను మాత్రమే ఏర్పరుస్తాయని కూడా అక్కడ వాదన ఉంది. ఇప్పుడు రెండు తెలుగు ఉదాహరణలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. నరసాపురంలో 1933లో పుట్టి 2014లో కన్నుమూసిన చిత్రకారుడు, సినీ దర్శకుడు బాపు పుస్తకాల ముఖచిత్రాల మీద, కథల శీర్షికల మీద, కార్టూన్ల కింద దశాబ్దాల పాటు స్వయంగా అక్షరాలు రాశారు. ఆ రాత తీరు ఆధారంగా తర్వాత కంప్యూటరు ఫాంట్లు వచ్చాయి. బాపు ఫాంటులో అచ్చయిన శుభలేఖను చూసినవారికి అనుకార్యం, అంటే అనుకరించబడిన మూలం, బాగా తెలుసు; భట్టతౌతుని ఆక్షేపణ ఇక్కడ వర్తించదు. ఒక పోస్టరు మీది ఫాంటు అక్షరాలనూ బాపు స్వయంగా రాసిన శీర్షికనూ పక్కన పెడితే ఏది ఏదో చెప్పగల తెలుగువారు ఎందరో ఉన్నారు, వారు పట్టుకునే తేడా కూడా ఇంతకు ముందు చెప్పినదే: బాపు ఒక శీర్షికలో రెండుసార్లు వచ్చిన అక్షరాన్ని రెండుసార్లు రాసేవారు, ఫాంటు ఒక్కసారి రాసినదాన్ని రెండుసార్లు పెడుతుంది.

రెండో ఉదాహరణ లక్కిరెడ్డి. సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా అందుబాటులో ఉంచిన తెలుగు ఫాంట్లలో ఇది ఒకటి. పురుషోత్ కుమార్ గుత్తుల 2013లో రూపొందించిన ఈ ఫాంటు లాంఛనాలు లేని చేతిరాత పద్ధతిలో ఉండి, శీర్షికలకూ పోస్టర్లకూ ఆహ్వానపత్రాలకూ పెద్ద పరిమాణంలో వాడడానికి ఉద్దేశించింది. దీన్ని చూసేవారికి ఫలానా వారి చేయి అని ఏదీ గుర్తుకు రాదు, రావలసిన అవసరమూ లేదు. భట్టతౌతుని ప్రశ్న ఇక్కడ పూర్తి బలంతో నిలబడుతుంది: దేనికి ఇది అనుకరణ? చేతిరాత గీతల అమరికను పోలిన ఒక అమరిక ఉంది, ఆ రాత వెనుక మనిషి అంటూ చదువరికి తెలిసినవారు ఎవరూ లేరు. అయినా స్నేహభావం కలుగుతూనే ఉంది. ఈ స్థితిని వివరించడానికి అనుకరణ సిద్ధాంతం చాలదు, భట్టనాయకుడు ప్రతిపాదించి అభినవగుప్తుడు తన పద్ధతిలో స్వీకరించిన సాధారణీకరణం కావాలి. కావ్యంలోని శోకం ఫలానా రాజుదీ కాదు, చదివేవాడి సొంతదీ కాదు. వ్యక్తి, దేశం, కాలం అనే కట్టుబాట్లు ఊడిపోయి ఉత్త శోకంగా అనుభవానికి వస్తుంది, అందుకే అది బాధించకుండా ఆస్వాదయోగ్యమవుతుందని ఆ సిద్ధాంతం చెబుతుంది. ఏ చేతిదీ కాని చేతిరాత ఫాంటు ఇచ్చేది అలాంటి సాధారణీకృత స్నేహమే. అందులో చనువు ఉంది, చనువు చూపే మనిషి లేడు. కావ్యానుభవానికి అది గొప్ప స్థితి అయినా స్నేహానికి అదే లోటు, ఎందుకంటే స్నేహం స్వభావరీత్యా ఒకరి నుంచి ఒకరికి వెళ్ళవలసినది. డిస్‌ప్లేకు సరిపోయినది ఉత్తరానికి సరిపోకపోవడానికి కారణం ఇదే.

మతాచారాల వైపు తిరిగితే ప్రశ్న పదునెక్కుతుంది, అక్కడ అక్షరాన్ని చూసేవారి అనుభవం కంటే రాసేవారి స్థితి ముఖ్యమవుతుంది కనుక. వేదసంప్రదాయానికి రాత మీదే గౌరవం తక్కువ; పాణినీయశిక్ష అధములైన పాఠకులను ఆరుగురిని లెక్కపెడుతూ, రాసినదాన్ని చూసి చదివేవాణ్ణి వారిలో చేర్చింది. పురాణాలూ మహాయాన సూత్రాలూ ఇందుకు భిన్నంగా గ్రంథాన్ని రాయడాన్ని, రాయించి దానం చేయడాన్ని పుణ్యకార్యంగా కీర్తించాయి. తాళపత్ర లేఖకుల మరో సంప్రదాయ శ్లోకంలో వీపు, నడుము, మెడ విరిగేలా, తల వంచుకుని కష్టపడి రాసిన గ్రంథమిదని, జాగ్రత్తగా కాపాడమని వేడికోలు ఉంటుంది. గ్రంథం విలువ అందులోని విషయంతో పాటు దాని మీద వంగిన శరీరం నుంచి కూడా వస్తుందన్న భావం అందులో ఉంది. జర్మనీలోని స్పాన్‌హైమ్ మఠాధిపతి యోహానెస్ ట్రిథీమియస్ అచ్చుయంత్రం వచ్చిన తర్వాత కూడా సన్యాసులు గ్రంథాలు చేత్తోనే రాయాలని 1492లో ఒక పుస్తకం రాశాడు. నిదానంగా రాసినప్పుడు లేఖనం మనసులో లోతుగా నాటుకుంటుందన్నది ఆయన చెప్పిన కారణాల్లో బలమైనది. ఆ పుస్తకాన్నే 1494లో ఆయన అచ్చు వేయించాడు. దీన్ని కపటమనడం కంటే రెండు ప్రయోజనాలను ఆయన వేరు చేసి చూశాడనడం న్యాయం: రాయడం సాధన, అచ్చు ప్రచారం.

యూదుల తోరా చుట్ట ఈ విషయంలో అతి కఠినమైన ఉదాహరణ. సభలో పారాయణకు వాడే ఆ చుట్టను శిక్షణ పొందిన లేఖకుడు తోలు మీద ఈక కలంతో, సిరాతో రాయాలి. సంప్రదాయం ప్రకారం అందులో 3,04,805 అక్షరాలున్నాయి, ఒక్కటి లోపించినా సరిదిద్దేవరకు ఆ చుట్ట పనికిరాదు. లేఖకుడు పవిత్రమైన సంకల్పంతో రాస్తున్నానని పైకి పలకాలి, దైవనామం వచ్చినప్పుడు ఆ సంకల్పం మళ్ళీ కావాలి. ఎంత అందంగా అచ్చువేసిన ప్రతి అయినా ఆ పారాయణకు చెల్లదు, ఎందుకంటే యంత్రానికి సంకల్పం లేదు. దీనికి పూర్తిగా ఎదురుగా జపాన్ ఉంది. 8వ శతాబ్దంలో షోతోకు సామ్రాజ్ఞి, చిన్న చిన్న కొయ్య స్తూపాలు పది లక్షలు చేయించి, ఒక్కోదానిలో అచ్చువేసిన ధారణీ మంత్రాన్ని ఉంచి నారా ప్రాంతపు ఆలయాలకు పంచింది. అక్కడ పుణ్యం మంత్రం ఉనికిలో ఉంది, పునరావృత్తిలో ఉంది. ఎవరి చేయి అన్నది ప్రశ్నే కాలేదు. కాబట్టి మతం చేతిరాతను కోరుతుందని గానీ, అచ్చును ఒప్పుకుంటుందని గానీ మొత్తంగా చెప్పడం పొరపాటు.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ రామకోటి. జపాన్ని పైకి పలకడం వాచికం, పెదవులు మాత్రం కదిలించడం ఉపాంశువు, మనసులో చేయడం మానసం అని మూడు విధాలుగా చెబుతారు. చేత్తో రాయడాన్ని లిఖిత జపంగా వాటి పక్కన లెక్కిస్తారు. చిన్న చిన్న గళ్ళు అచ్చువేసిన పుస్తకాల్లో గడికొకటిగా రామనామం రాసి, పూర్తయిన పుస్తకాలను భద్రాచలం వంటి క్షేత్రాల్లో సమర్పిస్తారు. రోజుకు వెయ్యి చొప్పున రాసినా కోటి పూర్తికావడానికి 27 ఏళ్ళు దాటుతుంది. అదే కంప్యూటరులో చేతిరాత ఫాంటు ఎంచుకుని నామాన్ని ఒక్కసారి కొట్టి, ఉన్నదంతా కాపీ చేసి పక్కన అతికిస్తూ పోతే 24 సార్లలో కోటిన్నర దాటిపోతుంది, అచ్చుతీస్తే దూరం నుంచి చూసేవారికి అది రాసినట్టే ఉంటుంది. దాన్ని రామకోటి అని ఏ భక్తుడూ ఒప్పుకోడు, ఒప్పుకోకపోవడానికి శాస్త్రప్రమాణం అడగడు. ఆ పుస్తకంలో ఉన్నది కోటి నామాల సమాచారం కాదని, ఒక జీవితంలోంచి తీసి ఇచ్చిన 27 ఏళ్ళ పొద్దులని అతనికి తెలుసు. ఇక్కడ వణుకు అలంకారం కాదు. మొదటి పుస్తకంలో గుండ్రంగా ఉన్న ‘ర’ చివరి పుస్తకానికి వంకర పోతే ఆ వంకరే సమర్పణలో భాగం.

దీన్నిబట్టి ఒక గీత గీయవచ్చు. చేతిరాత ఫాంటు ఒక స్వభావాన్ని, అంటే చనువునో ఉల్లాసాన్నో, సూచించినంత మేర అది చిత్రతురగమే, అసత్యం అన్న మాట దానికి తగలదు. ఫలానా మనిషి ఈ కాగితం మీద ఇంత సేపు గడిపాడని చదువరి నమ్మాలని కోరినప్పుడు, ఆ నమ్మకం మీద ఏదైనా ఆధారపడినప్పుడు, బొమ్మ గుర్రాన్ని సవారీకి అమ్మినట్టవుతుంది. ఇరాక్ యుద్ధంలో మరణించిన సైనికుల కుటుంబాలకు వెళ్ళిన సంతాప లేఖల మీద తన సంతకాన్ని యంత్రం పెట్టిందని అమెరికా రక్షణమంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ 2004 డిసెంబరులో ఒప్పుకున్నప్పుడు ఆ కుటుంబాలకు కలిగిన బాధ సంతకం ఆకారం గురించి కాదు. ఆకారం సరిగ్గానే ఉంది. ఒక నిమిషం తమ బిడ్డ పేరు చదివి ఉంటాడనుకున్న మనిషి చదవలేదని తెలిసింది. ఆ తర్వాత ప్రతి లేఖ మీదా తానే సంతకం చేస్తానని ఆయన ప్రకటించవలసి వచ్చింది. చేతిరాతలా కనిపించే అక్షరాలతో పేరు పెట్టి పిలుస్తూ ఇంటికి వచ్చే చందాల విజ్ఞప్తులూ ప్రకటనల ఉత్తరాలూ చిన్న స్థాయిలో చేసేది ఇదే పని; వాటిని అనౌచిత్యమని సరిపెట్టుకోవడం తగదు, వాటి పేరు అసత్యమే.

శుభలేఖ ఈ గీతకు రెండు వైపులా ఉండడం విశేషం. లోపలి ఆహ్వానం ఏ ఫాంటులో ఉన్నా, బాపు రాతలో ఉన్నా లక్కిరెడ్డిలో ఉన్నా, పెళ్ళివారి ఉల్లాసాన్ని చెబుతుంది, అది అందరికీ ఒకటే, అలా ఉండడమే సబబు. కవరు మీద ‘శ్రీ’ తర్వాత ‘గారికి’ ముందు అచ్చువారు ఖాళీ వదిలేది పిలిచేవారు చేత్తో నింపడానికి. ఈ మధ్య పేర్ల జాబితాను కూడా కంప్యూటరుకు ఇచ్చి, చేతిరాత ఫాంటులోనే కవర్ల మీద కొట్టించే పద్ధతి వస్తోంది. శ్రమ తగ్గుతుందన్న మాట నిజమే గానీ, పిలిచేవారు ఆ ఖాళీని తామే పూరించడం మంచిది, దస్తూరీ బాగుండకపోయినా సరే.